చెయ్యెత్తిన పిల్ల

టీవీలో ఆట గురించి మాట్లాడేవాళ్ల చెవిలో ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. ఆయన మాట మీకు వినపడదు. మేం మాట్లాడుతుంటే ఆయనా మాట్లాడుతూనే ఉంటాడు. ఇంకో పది సెకన్లు సాగదీయండి అంటాడు. నవ్వండి మేడం అంటాడు. ఇక్కడ కొంచెం ఘాటు తగలాలి అంటాడు. ఆయన ప్రొడ్యూసర్. మా ప్రొడ్యూసర్ పుట్టి బుద్ధెరిగి కబడ్డీ కోర్టులో కాలు పెట్టలేదు. ఆ సంగతి దాచుకోడు సరికదా, గొప్పగా చెప్పుకుంటాడు. ఆట తెలియనివాడే ప్రేక్షకుడి కళ్లతో చూడగలడట. పదకొండేళ్లు మట్టిలోనూ మ్యాట్ మీదా మోకాళ్లు అరగదీసుకున్న నేను ఆయన నవ్వమన్నచోట నవ్వాలి, మండిపడమన్నచోట మండిపడాలి. ఈ పనిలో చేరి ఆరేళ్లయింది. ఆయనంటే మొదటి రోజు ఎంత ఒళ్లుమంటో ఇవాళా అంతే. అయినా ఇప్పుడు రాయబోయే తప్పును ఆయన నెత్తిన వేసి చేతులు దులుపుకునే వీలు నాకు లేదు. ఆయన ఘాటు అడిగాడు, అంతే. మాటలు నావి.

నేను కబడ్డీలో లెఫ్ట్ కార్నర్ ఆడినదాన్ని. ఏడుగురి వరసలో ఎడమ చివర నిలబడాలి. అవతలి జట్టు నుంచి కూతకు వచ్చిన మనిషి మనలో ఎవరినో తాకి తిరిగి గీత దాటేలోపు, చీలమండ దొరకబుచ్చుకుని పడేయాలి. మా ఊరు హాలియా అవతల, సాగర్ కాలువ కింద. అమ్మా బాపూ నాట్లకూ కోతలకూ పోయేవాళ్లు. నేను జిల్లాకు ఆడాను, రాష్ట్రానికి ఆడాను, ఇంకా పైకి పోతానని అందరూ అంటుండగా ఒక శిబిరంలో కుడి మోకాలు తిరిగిపోయింది. దవాఖానలో ఉన్న ఇరవై రోజుల్లో నన్ను చూడటానికి వచ్చిన పెద్దమనుషులు ఇద్దరే. ఇద్దరూ ఫోటో దిగి పోయారు. తర్వాత నల్గొండ దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్ బడిలో కాంట్రాక్టు మీద ఆటల టీచరుగా చేరాను.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు హైదరాబాదులో ఒక ఛానల్ వాళ్లు కబడ్డీకి తెలుగు వ్యాఖ్యానం మొదలుపెట్టి, మా దిక్కు ఆడమనిషి గొంతు కావాలని వెతుక్కుంటూ మా బడికి వచ్చారు. నా ఆట వాళ్లలో ఒక్కరూ చూడలేదు. నేను గ్రౌండులో పిల్లల్ని కేకలేస్తుంటే గోడ అవతల నుంచి విని, ఈమే కావాలి అనుకున్నారట. మొదటి రోజు నాకు వేసిన కోటు ఎవరో మగవాడి కొలత. ముందు నుంచి అతికినట్టు కనపడాలని వీపు వెనక నాలుగు బట్టల క్లిప్పులు పెట్టి బిగించారు. వెనక్కి తిరగకండి మేడం అన్నారు. నాకు సరిపోయే కోటు కుట్టించాలన్న ఆలోచన ఈ ఆరేళ్లలో ఎవరికీ రాలేదు.

మా నల్గొండ మాటంటే వాళ్లకు కారప్పొడి. పైన చల్లుకోవడానికి కావాలి, కడుపు నింపుకోవడానికి వద్దు. నాతో పాటు కూర్చునే ప్రధాన వ్యాఖ్యాత గుక్క తిప్పుకోకుండా పుస్తకంలో మాటలు పలికే మనిషి. ఆట నడిపించేది ఆయన, మధ్యలో విశేషం చెప్పాల్సింది నేను. కార్నర్ కాలు ఎందుకు ముందుకు పెట్టిందో, పక్కనున్న పిల్ల ఎందుకు చెయ్యి వదిలేసిందో వివరంగా చెప్పబోతే చెవిలో వెంటనే “అంత డీటెయిల్ జనానికి ఎక్కదు మేడం” అని వినపడేది. అదే “గా పట్టుడేంది పోరి, పిల్లిని పట్టినట్టు!” అంటే చెవిలో చప్పట్లు. అట్లా అట్లా నాకు అర్థమైంది. మెచ్చుకునేటప్పుడు వాళ్ల భాష, తిట్టేటప్పుడు మాత్రం నా భాష. ఏడాది తిరిగేసరికి నేను తిట్టే మేడంనయ్యాను. బస్టాండులో గుర్తుపట్టినవాళ్లు కూడా “మేడం, ఒక్కపారి తిట్టున్రి” అని ఫోన్లు ముందుపెట్టేవాళ్లు. అమ్మ ఫోన్ చేసి “ఆడపిల్లల మీద గంత నోరేందే నీకు? ఇంట్ల గిట్ల పెంచినమా?” అనేది. ఇది ఉద్యోగమమ్మా అనేదాన్ని. సిగ్గులేకుండా అదే అన్నాను, చాలాసార్లు.

ఇక పాలమూరు ఫైనల్ సంగతి. ఆడపిల్లల రాష్ట్రస్థాయి పోటీలు మహబూబ్‌నగర్‌లో జరిగాయి. ఆఖరి ఆట వాళ్ల ఉమ్మడి జిల్లాకూ మా ఉమ్మడి జిల్లాకూ. హాలు ఆ ఊరిదే కనుక అరుపులన్నీ వాళ్లవే. మా వ్యాఖ్యానం బల్ల మ్యాట్ పక్కనే, నల్గొండ పిల్లల ఎడమ కార్నర్‌కు పది అడుగుల్లో వేశారు. అక్కడ నిలబడ్డ పిల్ల హుజూర్‌నగర్ దిక్కుది. డిగ్రీ మొదటి ఏడాది చదువుతోంది. బక్కగా, పొడుగ్గా, కాళ్లు కోర్టులో నాటుకుపోయినట్టు నిలబడేది. ఆ రోజు ఐదుగురిని ఒక్కతే పడేసింది. నా చోటు, నా పట్టు. చూస్తుంటే నాకు కడుపు నిండిపోయింది. ఆ ముక్క టీవీలో చెబుదామంటే సమయం లేదన్నారు.

స్కోరు సమానం. చివరి కూత పాలమూరు పిల్లది. ఆమె అటూ ఇటూ పాకి, ఏం దొరక్క, ఎడమవైపు ఒకసారి కాలు విసిరి వెనక్కి మళ్లింది. కార్నర్ పిల్ల తన కాలు లాక్కుంది. రిఫరీ చేతులు అడ్డంగా ఊపాడు, ఏమీ లేదని. గీత దగ్గర అంపైర్ కూడా ఏమీ చూపించలేదు. ఆట అదనపు సమయానికి పోయేదే. నల్గొండ పిల్లలు ఊపిరి వదిలారు. అప్పుడు మా కార్నర్ పిల్ల కుడి చెయ్యి పైకెత్తింది. ఎత్తిన చెయ్యితోనే తల వంచుకుని కోర్టు దాటి బయటికి నడిచింది. రిఫరీకి ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత విజిల్ వేసి పాలమూరుకు పాయింటు ఇచ్చాడు. ఒక్క పాయింటుతో నల్గొండ ఓడిపోయింది.

హాలు లేచి గంతులేసింది. మా జట్టు కోచ్ నీళ్ల సీసా నేలకేసి కొట్టాడు. చెవిలో ప్రొడ్యూసర్ కేకలు పెడుతున్నాడు: “ఏంటిది మేడం? ఏం చేసిందా అమ్మాయి? అందుకోండి, మీ స్టైల్లో, గట్టిగా!” ఆయనకు అసలు ఏం జరిగిందో తెలియదు. నాకు తెలుసు. నాకు తెలిసి కూడా నోరు తెరిచాను.

“ఏం ఆటే గిది? రిఫరీ ఇయ్యలే, అంపైర్ ఇయ్యలే, అడిగినోళ్లు లేరు. నువ్వెందుకు ఎత్తినవే చెయ్యి? గిది మీ ఊరి కల్లం అనుకున్నవా? తెలివి లేని పోరి! ఆర్గురు కష్టపడితే ఒక్కదానివి బుగ్గి చేస్తివి.”

పక్కన ప్రధాన వ్యాఖ్యాత పగలబడి నవ్వాడు. చెవిలో “సూపర్, సూపర్” అని వినపడింది. ఆ పిల్ల పది అడుగుల దూరంలో ఉంది. హాల్లో మా మాటలు స్పీకర్లలో రావు కాబట్టి ఆ అరుపుల్లో ఆమెకు వినపడలేదు. సాయంత్రానికి ఫోన్లో విన్నది.

ఆ పిల్ల చెయ్యి ఎందుకెత్తిందో ఆ హాల్లో నాకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. మా ఊరి కబడ్డీ కోర్టు రైసుమిల్లు వెనక ఖాళీ జాగాలో ఉండేది. మిల్లువాళ్లు పారబోసిన ఊక తెచ్చి మట్టిలో కలిపి పరిచేవాళ్లం, పడితే చర్మం చీరుకుపోకుండా. సున్నంతో గీసిన గీతలు పది నిమిషాలకే ఊకలో కలిసిపోయేవి. రిఫరీలు, అంపైర్లు లేరు. మాకు ఆట నేర్పిన సారు ఒక్కడే, ఆయన కూడా మనిషి తక్కువైతే చెప్పులు విడిచి దిగి ఆడేవాడు. మా కంటే ముందు తరంలో తగిలింది, తగల్లేదు అనే పంచాయితీ మీద రెండు బజార్ల మధ్య తలలు పగిలి, పెద్దలు ఆటే బంద్ పెట్టించారట. మళ్లీ మొదలుపెట్టించినప్పుడు సారు ఒకటే షరతు పెట్టాడు. తాకించుకున్న మనిషే చెయ్యెత్తి బయటికి పోవాలి, ఎవరూ అడగకముందే. “తాకినామెకు పాయింటు మీద ఆశ ఉంటది, ఆమె మాట చెల్లదు. తాకిచ్చుకున్నామెకు చెప్తే నష్టమే గదా. గందుకే ఆమె చెప్పిందే ఖరారు” అనేవాడు. ఎత్తకుండా దొరికిపోతే మర్నాడు ఊక బస్తాలన్నీ ఆమే మోయాలి. హాలియా నుంచి హుజూర్‌నగర్ దాకా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు చాలామంది ఆటల టీచర్లయ్యారు. ఆ పిల్లకు నేర్పినామె నాతో పాటు ఊక మోసిన మనిషి. తర్వాత తెలిసింది కాదు, అప్పుడే తెలుసు. ఆటకు ముందు చేతిలో పెట్టిన జట్ల వివరాల కాగితంలో ఆమె పేరు చదివాను.

ఇంకో మాట కూడా రాసేయాలి, లేకపోతే ఇదంతా దొంగ ఏడుపు అవుతుంది. నేను రాష్ట్రానికి ఆడిన మొదటి పోటీలో, అవతలి పిల్ల వేలు నా భుజానికి తగిలింది. చెయ్యి దానంతటదే లేచింది. గీత అవతల నుంచి మా కోచ్ “దించవే!” అని అరిచాడు. లేచిన చెయ్యిని అట్లాగే తలమీదికి పోనిచ్చి జుట్టు సర్దుకున్నాను. గెలిచాం. ఆ అవతలి పిల్ల నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత ఎన్నడూ నేను చెయ్యెత్తలేదు, ఎత్తకపోవడాన్నే తెలివి అనుకున్నాను. పాలమూరులో ఆ పిల్ల చెయ్యి చూసినప్పుడు నాకు వచ్చిన కోపం నాటకం కాదు. నిజమైన కోపమే. నేను చేయలేకపోయిన పని నా కళ్ల ముందు ఒక చిన్నపిల్ల అలవోకగా చేసేసినందుకు వచ్చిన పాడుకోపం అది.

నా మాటలకు వెనక బ్యాండు మోత కలిపి, ఆ పిల్ల చెయ్యెత్తి నడిచే ముక్కను ముందుకీ వెనక్కీ తిప్పి, ఛానలే ఫోన్లలోకి వదిలింది. రెండు రోజుల్లో ఊరూరా తిరిగింది. వంట కుదరని భార్య చెయ్యెత్తి బయటికి పోయినట్టు, పరీక్ష రాని పిల్లాడు చెయ్యెత్తి బయటికి పోయినట్టు జనం రకరకాలుగా చేసి నవ్వుకున్నారు. అందరి నవ్వుకూ నా గొంతే.

నెల తిరక్కుండా రాష్ట్ర జట్టు శిబిరానికి పిలిచినవాళ్ల జాబితా వచ్చింది. పాలమూరులో ఐదుగురిని పడేసిన కార్నర్ పిల్ల పేరు లేదు. ఆమె చేతిలో ఓడినవాళ్ల పేర్లున్నాయి. రాష్ట్రానికి ఒక్కసారి ఆడిన కాగితం ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి నిలబడొచ్చు. మా పిల్లలకు ఆట అంటే ఆ కాగితమే. అది లేకపోతే చదువు ఎక్కడిదక్కడ ఆగి, అమ్మ వెంట కైకిలికి, అంటే కూలికి, పోవడమే. నాకు మండిపోయి, జాబితా వేసినవాళ్లలో ఎరిగున్న ఒకాయనకు ఫోన్ చేశాను. ఇదేం అన్యాయం సార్, ఆ పిల్లను మించిన కార్నర్ ఎవరున్నారు అన్నాను.

“పట్టు మంచిగనే ఉంది మేడం. తెలివి లేదు. రేపు పెద్ద ఆటల గిట్లనే చెయ్యెత్తితే మా ఇజ్జత్ ఏంగావాలె?” అన్నాడాయన. తర్వాత నవ్వుతూ అన్నాడు: “మీరే చెప్పిన్రు గద టీవీల.”

ఫోన్ పెట్టేశాక నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. ఎవరిని తిడుతున్నానో తెలియకుండానే తిట్టాను.

ఛానల్‌కు పోయి ఆ ముక్క తీసేయమన్నాను. ప్రొడ్యూసర్ కుర్చీలో వెనక్కి వాలి “ఈ సీజన్ మొత్తానికి బాగా పోయింది అదే మేడం, తీసేయడం ఎందుకు?” అన్నాడు. అయితే తప్పు నాదని తెరమీద చెప్పుకుంటానన్నాను. ఆయన కళ్లు మెరిశాయి. “ఆ అమ్మాయిని స్టూడియోకి పిలిపిద్దాం. వాళ్లమ్మని కూడా. మీరు క్షమాపణ అడగండి, ఇద్దరూ కొంచెం ఎమోషనల్ అవ్వండి. పండగ రోజు వేద్దాం.” నాకు చేతిలో ఏదైనా ఉంటే విసిరేదాన్ని. ఉన్నది టీ కప్పు, అదీ కాగితంది.

ఎవరికీ చెప్పకుండా ఒక ఆదివారం బస్సెక్కాను. నార్కట్‌పల్లిలో బస్సు ఆగినప్పుడు హోటల్ ముందు ముగ్గురు కుర్రాళ్లు నన్ను గుర్తుపట్టి, ఒకడు చెయ్యెత్తి నడిచి చూపించాడు. నేను సంతోషిస్తాననుకున్నాడు పాపం. దిగి చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టాల్సిన చెంప వాడిది కాదని తెలిసి ఊరుకున్నాను.

పిల్ల ఇల్లు హుజూర్‌నగర్‌కు ఆటోలో అరగంట. రేకుల ఇల్లు, ముందు మిర్చి ఆరబోసిన పట్టా. వాళ్లమ్మ మిర్చి తిరగేస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేనెవరో చెప్పే పని పడలేదు.

“నువ్వేనా టీవీల నా బిడ్డను తెలివి లేనిదన్నది?”

“నేనేనమ్మా.”

“రా, కూసో. ముందుగాల నీళ్లు తాగు. తాగినంక అడుగుత.”

నీళ్లు ఇచ్చింది. తాగేదాకా నిజంగానే ఆగింది. తర్వాత అడిగింది.

“తగిలింది, తగిలిందన్నది. గిండ్ల తెలివి లేనిదేముంది? దొంగతనం చేసిందా? ఒకలది గుంజుకున్నదా? పట్నపోళ్లు నవ్వితే ఎరుక లేక నవ్విన్రు అనుకుందు. నువ్వు కాలువ కింది పిల్లవే గద! మాలెక్కనే నాట్లేసినోళ్ల బిడ్డవే గద! నేను మిర్చేరనీకె కైకిలి పోతే, గట్టు మీద కూసొని ఫోన్ల చూసి నవ్వుతున్నరు. ఎవ్వలదో అనుకొని నేను గూడ నవ్విన. నవ్వినంక చూస్తే నా బిడ్డ!”

ఆమె ఇంకా చాలా అన్నది. నా చదువును అన్నది, నా కోటును అన్నది, నా నోట్లో పురుగులు పడాలన్నది. తప్పయిందమ్మా అన్నాను. తప్పయితే నా బిడ్డకు శిబిరం వస్తదా అని అడిగింది.

పిల్ల తలుపు పక్కన నిలబడి అంతా విన్నది. ఏడవలేదు, కోప్పడలేదు. అమ్మ మిర్చి దగ్గరికి పోయాక వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది. నా ఆట వీడియో ఒకటి పాతది ఎక్కడో చూసిందట. చీలమండ పట్టేటప్పుడు ఎడమ భుజం ఎందుకు అంత కిందికి దించుతారు అని అడిగింది. చెప్పాను. చూపించాను కూడా, ఆ పాడు మోకాలుతోనే. ఎన్నేళ్లకో ఒకరు నన్ను ఆట గురించి అడిగారు. ఆ సంతోషంలో ఉన్నాను, అప్పుడు అడిగింది.

“అక్కా, ఒకటి అడగాలె. మీరైతే గా టైముల చెయ్యి ఎత్తుతుంటిరా?”

ఎత్తేదాన్ని అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. బస్సులో వచ్చినంతసేపూ ఆ పిల్లకు నేను చెప్పాలనుకున్నది అదే: నువ్వు చేసింది ఒప్పు, నేనన్నది తప్పు. కానీ అంత నిటారుగా చూస్తున్న పిల్లకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. నా జీవితంలో నిజం చెప్పాలని నాకు బుద్ధి పుట్టిన రోజు కూడా చూడండి, అది ఏ రోజో.

“ఎత్తకపోతుంటి బిడ్డా” అన్నాను. “నేర్చుకున్నప్పుడు ఎత్తిన. తర్వాత ఎత్తుడు బంద్ చేసిన.”

“రాష్ట్రానికి ఆడినంకనా?”

“ఆ. గప్పటి సంది.”

“గట్లనా” అంది. నువ్వు చేసిందే సరైనది అని నేను ఏదో చెప్పబోయాను. తల ఊపింది, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మర్యాదకు ఊపినట్టు.

తిరిగి వచ్చాక ఇంకో టోర్నమెంటు మొదటి ఆటలో, విరామం పడగానే ఎవర్నీ అడక్కుండా మైకులో మొదలుపెట్టాను. పాలమూరు ఫైనల్లో ఆ పిల్లను నేనన్న మాట తప్పు, ఆమె చేసింది మా సారు మాకు నేర్పిన పద్ధతి, అట్లాంటి కార్నర్ ఈ రాష్ట్రంలో లేదు అని నిమిషంపైగా మాట్లాడాను. పక్కనున్నాయన నా వైపు జాలిగా చూశాడు. ఇంటికి వచ్చి అమ్మకు ఫోన్ చేసి విన్నావా అన్నాను. “ఏం వినుడే? ఏదో సబ్బు గురించి చెప్పిన్రు, ఆనక ఇత్తనాల గురించి చెప్పిన్రు” అంది. నా మైకు మూసేసి ప్రకటనలు వేశారు. నిమిషంపాటు నేను మూసిన మైకుతో క్షమాపణ చెప్పుకున్నాను. ఆరోజు మానేయాల్సింది ఆ ఉద్యోగం. మానలేదు. ఎందుకు మానలేదని అడిగితే, ఇంకేం పని చేయాలో తెలియక అని చెబుతాను. నా మీద నాకు కోపం రావడానికి అదొకటి చాలు.

మరుసటి ఏడాది పోటీలు నల్గొండలో పెట్టారు. ఆ పిల్ల మళ్లీ జిల్లా జట్టులో ఉంది. ఎడమ కార్నర్ ఆమెదే. ముందటి కన్నా కండపట్టింది. భుజం దించి పట్టడం కూడా వచ్చేసింది. జాబితా వేసే పెద్దమనుషులు ముందు వరుసలో కూర్చున్నారు. సెమీఫైనల్లో మా జట్టు ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉండగా చివరి కూత వచ్చింది. వచ్చిన పిల్ల వెనక్కి మళ్లుతూ కాలు విసిరింది. మడమ కార్నర్ పిల్ల పిక్కకు రాసుకుపోయింది.

నేను చూశాను. కెమెరాలకు దొరకలేదు, అంపైర్‌కు నడుమ ఇంకో పిల్ల అడ్డం వచ్చింది. కానీ ఆ చోట పదకొండేళ్లు నిలబడ్డదాన్ని, తగిలిన పిక్క ఎట్లా అదురుతుందో నాకు తెలుసు. కూతకు వచ్చిన పిల్ల అవతలికి పోయి “తగిలింది సార్, తగిలింది” అని మొత్తుకుంటోంది. రిఫరీ మా కార్నర్ పిల్లను చూశాడు. ఆయనకు పోయిన ఏడాది సంగతి తెలుసు. తగిలితే ఈ పిల్లే చెబుతుందని ఎదురుచూశాడు. అందరూ ఆమె చెయ్యి వైపే చూస్తున్నారు. ఆమె కళ్లు పెద్దవి చేసి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, నాకేం తెలుసు అన్నట్టు నిలబడింది. రిఫరీ నమ్మాడు. పోయిన ఏడాది ఎత్తిన చెయ్యి వల్లే ఈ ఏడాది ఎత్తని చెయ్యిని నమ్మాడు. ఏమీ లేదని విజిల్ వేశాడు. నల్గొండ గెలిచింది.

చెవిలో ప్రొడ్యూసర్: “అదీ మేడం! ఎంత మెచ్యూర్ అయిందో చూశారా, ఆ మాట అనండి. మీరు తిట్టిన తిట్టే పనిచేసింది.”

తగిలింది అని ఒక్క మాట అంటే చాలు. అంటే ఆ పిల్ల బతుకు ఇంకోసారి నా నోటితోనే పోతుంది. అనకపోతే, ఓడిపోయి మ్యాట్ మీద కూర్చుని ఏడుస్తున్న ఆ రెండో పిల్లది పోతుంది. ఆమెకూ ఎక్కడో ఒక అమ్మ ఉంటుంది, ఆమెకూ ఆ కాగితమే కావాలి. టీవీలో ఐదు సెకన్లు ఎవరూ మాట్లాడకపోతే నేరం. నేను ఐదారు సెకన్లు మాట్లాడలేదు. తర్వాత “మంచిగ ఆడింది” అన్నాను.

ఆట అయ్యాక గెలిచినవాళ్లను మాట్లాడించడం కూడా నా పనే. మైకు పట్టుకుని మ్యాట్ దగ్గరికి పోయాను. చివరి కూతలో అంత ఒత్తిడిని ఎట్లా తట్టుకున్నావు అని అడిగించారు, అడిగాను. పిల్ల చెమట తుడుచుకుని, కెమెరా వైపు చూసి, బెరుకు లేకుండా చెప్పింది: “పోయినేడు నేను తప్పు చేసిన. అక్క చెప్పింది. అక్క దగ్గరనే నేర్చుకున్న.”

ముందు వరుసలో పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. కెమెరా ఆగిపోయింది. మైకు కిందికి దించాను. పిల్ల నాకు దగ్గరగా వచ్చి, నా ఒక్కదానికే వినపడేటట్టు అడిగింది.

“మీకు కనవడ్డది గద అక్కా?”

“కనవడ్డది.”

“చెప్పలే గద?”

“చెప్పలే.”

“థాంక్స్ అక్కా” అంది. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపి, తన జట్టు దగ్గరికి ఉరికింది. వారం తిరక్కుండా శిబిరానికి పిలుపు వచ్చింది. వాళ్లమ్మ ఫోన్ చేసి, నా నోట్లో పురుగులు పడాలన్నందుకు మనసులో పెట్టుకోవద్దని, నీ పుణ్యాన నా బిడ్డకు తెలివి వచ్చిందని చెప్పింది. ఆమె తిట్టిన తిట్లన్నీ నేను అరిగించుకున్నాను. ఈ మెప్పు మాత్రం నాకు అరగడం లేదు.